గాస్కెట్ (మిషన్ అతుకుల కాడ పెట్టే సీలు) కింద తెల్లపొడి, ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడిస్తే సరిపోతదా?

దేవరకొండ_పిలగాడు
అన్నలూ నమస్తే, బీఫార్మసీ అయినంక జడ్చర్ల దిక్కు ఓ టాబ్లెట్ల కంపెనీల ట్రైనీగ చేరిన, రెండు నెల్లాయె. నిన్న నైట్ షిఫ్ట్‌ల ప్రొడక్ట్ చేంజోవర్ (ఒక మందు అయిపోయి ఇంకో మందు మొదలుపెట్టుడు), ఆర్‌ఎంజీ (పొడి కలిపి గుళికలు చేసే మిషన్) తళతళ మెరుస్తున్నది, క్యూఏ (క్వాలిటీ చూసేటోళ్లు) మేడమ్ వచ్చి డిశ్చార్జ్ (పొడి బయటికొచ్చే దారి) కాడ గాస్కెట్ ఊడదీయిస్తే కింద తెల్లగ పొడి. లైన్ క్లియరెన్స్ (కొత్త మందు మొదలుపెట్టుకోమనే అనుమతి) ఇయ్యలే. మా సీనియరేమో ఐపీఏ కొట్టి తుడువు, కంటికి కనవడకుంటే అయిపాయె అంటుండు. గింత మరకకు మళ్ల మొత్తం కడగాల్నా?

క్యూఏ_తొమ్మిదేండ్లు
కడగాలె తమ్మీ. ఆ మందు ఐపీఏల కరుగుతదో లేదో ఎర్కనా? కరగకుంటే అది తుడుసుడు కాదు, పూసుడు. మంచి వెలుతురుల కన్ను చదరపు సెంటీమీటరుకు 4 మైక్రోగ్రాముల దాక పట్టొచ్చు అంటరు, హార్మోన్లు, క్యాన్సర్ మందులైతే మిగలనిచ్చే లిమిట్ అంతకన్న కిందికే ఉండొచ్చు, గందుకే 10 బై 10 సెంటీమీటర్ల జాగల స్వాబ్ (తుడిచి శాంపిల్ తీసే పుల్ల) కొట్టి హెచ్‌పీఎల్‌సీకి (మందు ఎంత మిగిలిందో కొలిచే మిషన్) పంపుడు. అది గూడ నున్నటి గోడ మీద కాదు, గాస్కెట్, వాల్వ్, చాపర్ (లోపలి కోసే బ్లేడు) ఎనుక, చెయ్యి పోని తావుల.

చౌటుప్పల్_బల్క్‌డ్రగ్
అసలు ముందటి బ్యాచ్ ఎప్పుడైపోయిందో అడుగు. తిన్న కంచం తెల్లారేదాక ఇడిస్తే మెతుకులు ఎట్ల అతుక్కుంటయో ఇదీ అంతే, అందుకే డర్టీ హోల్డ్ టైం (కడగకుండ ఎంతసేపు ఉంచొచ్చో ఆ గడువు) అని పెడతరు, అది దాటితే మామూలు క్లీనింగ్ పనిజెయ్యదు. కడిగినంక ప్యూరిఫైడ్ వాటర్‌తోని ఆఖరి రిన్స్, తర్వాత మంచిగ ఆరాలె, తడి ఉంటే బ్యాక్టీరియాకు పండుగే.

పౌడర్_మామ
ఎఫ్‌బీడీ (వేడిగాలితోని పొడి ఆరబెట్టే మిషన్) సంచి గూడ చూస్కో, ఎన్నిసార్లు ఉతికినా పోగులల్ల మందు ఉంటది, ఒక్కో ప్రొడక్టుకు ఒక్కో సంచి ఉండాలె. ఇంకోటి, ఉక్కపోస్తుందని తలుపు తెరిచి పెట్టకుండ్రి. మన టాబ్లెట్ సెక్షన్ల కారిడార్‌ల గాలి ప్రెషర్ ఎక్కువ, రూంల తక్కువ, పొడి బయటికి రావొద్దని. ఇంజెక్షన్ల కాడ ఉల్టా. మా దగ్గర ఒకడు ఇటుకపెళ్ల అడ్డం పెట్టి పట్టుబడ్డడు.

దేవరకొండ_పిలగాడు
అడిగొచ్చిన అన్నా. శనివారమే బ్యాచ్ అయిపోయిందట, నిన్నటిదాక ఎవ్వరు ముట్టలే, లాగ్‌బుక్‌ల మాత్రం శనివారమే కడిగినట్టు సంతకం ఉన్నది. ఇప్పుడేం జెయ్యాలె?

క్యూఏ_తొమ్మిదేండ్లు
ఆ పేజీ దిద్దకు, ఎవరన్న దిద్దమన్నా దిద్దకు. మేడమ్‌కు చూపెట్టి డీవియేషన్ (రూల్ తప్పిందని రిపోర్టు) ఎత్తమను, నీకు కనవడ్డది కనవడ్డట్టే రాయి. సీనియర్ మొకం మాడ్చుకుంటే మాడ్చుకోని.