కుడి కెరైనా (కుడి వైపు రెండు ఊపిరితిత్తుల సిరల మధ్య గట్టు) దగ్గర సిగ్నల్ మళ్లీ వస్తోంది, 50 వాట్లు చాలడం లేదా?

గుంటూరు క్యాథ్‌ల్యాబ్ (గుండెలోకి క్యాథెటర్ గొట్టాలు పంపి చికిత్స చేసే గది) నుంచి అడుగుతున్నాం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కి (గుండె పై గదుల లయ తప్పడం) పల్మనరీ వెయిన్ ఐసోలేషన్ (ఊపిరితిత్తుల సిరల చుట్టూ కాల్చి వాటి సిగ్నల్‌ను గుండె నుంచి విడదీయడం), కాంటాక్ట్ ఫోర్స్ క్యాథెటర్ (గోడ మీద ఒత్తిడి చూపేది) మీద 10–20 గ్రాములు, 50 వాట్లు. అబ్లేషన్ ఇండెక్స్ (ఒత్తిడి, పవర్, సమయం కలిపి గాయాన్ని అంచనా వేసే అంకె) ముందు గోడకు 550, వెనక గోడకు 400. ఎడమ సిరల జత మొదటి చుట్టుకే విడిపోతోంది. కుడి జతతోనే ఇబ్బంది: వరసగా మూడు కేసుల్లో లాస్సో (సిరలో సిగ్నల్ చూసే ఉంగరం ఆకారపు క్యాథెటర్) మీద అన్నిటికంటే ముందు సిగ్నల్ కెరైనా దగ్గర, మన చుట్టుకు లోపలే కనిపించింది.

కాల్చే చుక్కల మధ్య దూరం 6 మి.మీ. నుంచి 4కి తగ్గించాం. జనరల్ అనస్థీషియాలో ఊపిరి ఆపి గ్యాప్‌లు వెతికి కాల్చాం. కాల్చేటప్పుడు ఇంపిడెన్స్ (కండ విద్యుత్ నిరోధం) 10 ఓమ్‌లకు పైనే పడుతోంది, కాబట్టి కాంటాక్ట్ లోపం అనిపించడం లేదు. కెరైనా మీదే 50 వాట్లు 12 సెకన్లు ఇస్తే సిగ్నల్ టక్కున పోతుంది, 20 నిమిషాలాగి అడినోసిన్ (దాగిన సిగ్నల్‌ను బయటపెట్టే మందు) ఇస్తే తిరిగొస్తుంది. ఎక్కువ పవర్, తక్కువ సమయంలో గాయం వెడల్పుగా పడుతుంది గానీ లోతు దిగదు. అక్కడ కండ మందం, పైగా కుడి ఏట్రియం వైపు ఎపికార్డియల్ (గుండె బయటి పొర) తంతువులుంటాయి. లోతు కోసం క్యాథెటర్‌ను చల్లబరిచే సెలైన్‌ను సగం గాఢతలో వాడాలంటే స్టీమ్ పాప్ (కండలో ఆవిరి పుట్టి పగలడం) భయం.

ఇలాంటప్పుడు మీరు కెరైనా వరకు 35 వాట్లకు దించి 25–30 సెకన్లు ఇస్తారా, లేక కుడి ఏట్రియం వైపు నుంచి ఆ తంతువును కాలుస్తారా?