అమెరికాలో పుట్టిన మన పిల్లలు పౌరులు కారా?

2025 ఫిబ్రవరి

గోదారి_గాలి: పోయిన నెల 20న ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు కదా. తల్లికి వీసా లేకపోయినా, స్టూడెంట్, వర్క్, టూరిస్ట్ వీసా ఉన్నా, తండ్రికి పౌరసత్వమో గ్రీన్ కార్డో లేకపోతే ఇక్కడ పుట్టిన బిడ్డ పౌరుడు కాదట. సియాటిల్ జడ్జి మూడు రోజులకే ఆపారు, సరే. మేమిద్దరం హెచ్-1బీ వర్క్ వీసా మీదే ఉన్నాం. నాకు ఏడో నెల. ఒక్క సంతకంతో రాజ్యాంగం మారిపోతుందా?

డల్లాస్_మామ: అమెరికాలో పుట్టినవాళ్లు పౌరులని చెప్పే రాజ్యాంగ 14వ సవరణ మొత్తం చదువమ్మా. పుడితే చాలదు, 'అమెరికా అధికార పరిధికి లోబడి' ఉండాలి. 1868లో అది తెచ్చింది బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల కోసం. హెచ్-1బీ వాళ్ల కోసం కాదు.

ఓరుగల్లు_ప్లీడర్: వాంగ్ కిమ్ ఆర్క్ కేసు, 1898. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. చైనా వాళ్లయిన అమ్మానాన్నలకు పౌరులయ్యే దారే లేదు. చైనా వెళ్లొస్తే ఓడ దిగనివ్వలేదు. సుప్రీంకోర్టు 6-2తో పౌరుడే అంది. రాయబారుల పిల్లల్లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. టూరిస్టు వీసా మీద వచ్చినవాడికి స్పీడింగ్ టికెట్ వేస్తే కట్టడా? అదీ పరిధి అంటే.

డల్లాస్_మామ: అదే తీర్పులో అమ్మానాన్నలకు అక్కడ 'స్థిర నివాసం' ఉందని రాశారు. అది వదిలేశారేం? హెచ్-1బీ తాత్కాలికం. టికెట్ కడితే పౌరసత్వం వచ్చేటట్టయితే, 1884లో జాన్ ఎల్క్ అనే ఆదివాసీకి ఎందుకు లేదన్నారు? అమెరికా ఆదివాసీలందరికీ రావడానికి 1924లో చట్టం చేయాల్సి వచ్చింది.

ఓరుగల్లు_ప్లీడర్: తెగలకు వాళ్ల సొంత ప్రభుత్వాలుండేవి, ఒప్పందాలుండేవి. హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజినీరుకు ఏ తెగ ఉంది?

డల్లాస్_మామ: స్థిర నివాసం గురించి చెప్పండి.

ఐటీ_బాబాయ్: పన్నెండేళ్లుగా హెచ్-1బీ మీదే ఉన్నా. ఇల్లు కొన్నా. ఇది తాత్కాలికమైతే స్థిరం అంటే ఏంటో మరి.

నెల్లూరోడు: మన దేశంలోనూ 1987 జులై 1కి ముందు ఇక్కడ పుడితే చాలు. ఆ తర్వాత తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులై ఉండాలన్నారు. 2004 డిసెంబర్ నుంచి రెండోవాళ్లు అక్రమంగా వచ్చినవాళ్లు కాకూడదన్నారు. అప్పుడు నోరెత్తనివాళ్లు ఇప్పుడు పాఠాలు చెబుతున్నారు.

ఓరుగల్లు_ప్లీడర్: ఇక్కడ పార్లమెంటు చట్టం మార్చింది. అక్కడ రాజ్యాంగంలో ఉన్నమాటకు అధ్యక్షుడు కొత్త అర్థం చెబుతున్నాడు. రెండూ ఒకటేనా?

డల్లాస్_మామ: స్థిర నివాసానికి ఇప్పటికీ జవాబు లేదు.

గోదారి_గాలి: కడుపులో ఉన్న బిడ్డ గురించి అడిగితే స్థిర నివాసం, స్థిర నివాసం అంటారేంటండీ! గ్రీన్ కార్డ్ చేతికొచ్చినట్టుంది. ఏరు దాటి తెప్ప తగలేయడం అంటే ఇదే.

డల్లాస్_మామ: ఎవరికొచ్చిందమ్మా గ్రీన్ కార్డ్? 2013 ప్రయారిటీ డేట్ నాది, అంటే అప్పటి నుంచి వరసలో ఉన్నట్టు. ఒక్కో దేశానికి గ్రీన్ కార్డుల్లో 7 శాతం మించకూడదన్న లెక్కలో ఇంకా క్యూలోనే ఉన్నా. పెద్దమ్మాయి విజయవాడలో పుట్టింది, మూడేళ్లప్పుడు తెచ్చుకున్నాం. వచ్చే ఏడాది 21 నిండితే నా వీసా మీద వచ్చిన తన హెచ్-4 డిపెండెంట్ వీసా పోతుంది. చిన్నది ఇక్కడే పుట్టింది, బ్లూ పాస్‌పోర్ట్. ఇద్దరూ ఒకే గదిలో పడుకుంటారు. ఒకే స్కూలుకెళ్లారు. పెద్దదాన్ని ఏం చూసి పంపేస్తారు? చిన్నదాన్ని ఏం చూసి ఉంచుతారు?

ఓరుగల్లు_ప్లీడర్: ఈ ఉత్తర్వు అప్పుడే ఉండుంటే మీ చిన్నమ్మాయికీ వచ్చేది కాదు.

డల్లాస్_మామ: రాకపోతే ఇద్దరూ ఒకటే అయ్యేవాళ్లు.

గోదారి_గాలి: మామగారూ, అలా అనకండి. నా బిడ్డకు తీసేస్తే మీ పెద్దమ్మాయికి వస్తుందా?

నెల్లూరోడు: అసలు పుట్టిన చోటును బట్టి ఇవ్వడమే...

ఐటీ_బాబాయ్: నువ్వు కాసేపు ఆగు బాబూ.

గోదారి_గాలి: పెద్దమ్మాయికి ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మార్చమని ఫైల్ చేశారా? మా కజిన్ ఆలస్యం చేసి చాలా టెన్షన్ పడింది.

డల్లాస్_మామ: లాయర్ వచ్చే నెల వేద్దామన్నాడు. నువ్వు ఆరోగ్యం చూసుకో అమ్మా. ప్లీడర్‌గారూ, స్థిర నివాసం సంగతి మాత్రం నేను వదల్లేదు.