షార్త్ర్ చర్చి గోడలు కడిగి బాగుచేశారా, పాడుచేశారా?

గోదారిగట్టు:
పోయిన నెల మా అబ్బాయి దగ్గరికి పారిస్ వెళ్ళి, అక్కణ్ణించి షార్త్ర్ ఊళ్ళోని పాత పెద్ద చర్చి చూసొచ్చాం. మోంపర్నాస్ స్టేషన్‌లో రైలెక్కితే గంటా గంటంబావు. ఊరు రాకముందే గోధుమ చేల మీద రెండు శిఖరాలు కనిపిస్తాయి, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. 2006లో ఒకసారి చూశాను. అప్పుడు లోపలంతా చీకటి. కళ్ళు అలవాటు పడ్డాక కిటికీల నీలం అద్దాలు ఒక్కొక్కటే వెలుగుతూ వచ్చేవి. ఇప్పుడు గోడలు లేత పసుపు, గీతలు తెలుపు. కొత్తగా రంగేసిన కల్యాణమండపంలోకి వచ్చినట్టుంది. దీన్ని మరమ్మతు అంటారా, మేకప్ అంటారా?

సున్నపుబట్టీ:
మేకప్ కాదండీ, మొహం కడగడం. 1194లో పాత చర్చి చాలామటుకు కాలిపోయాక ఇది కట్టారు, 1260లో ప్రతిష్ఠ జరిగింది. ఆనాడే రాతిమీద గచ్చు పూసి, పసుపు వేసి, రాళ్ళ అతుకుల్లా తెల్ల గీతలు గీశారు. ఆ పూతే మసి కింద దొరికింది. ఊడిన చోట్ల దాన్ని చూసి నింపారు. మీరు 2006లో చూసిన చీకటిని ఏ శిల్పీ చెక్కలేదు. అది కొవ్వొత్తులూ నూనె దీపాలూ ఇన్నేళ్ళుగా వదిలిన పొగ. మన గుళ్ళలో రాతి స్తంభాలకు ఎనామిల్ కొట్టినట్టు దీన్ని చూడకండి, అది వేరే పాపం.

నల్లరాయి:
గోడల సంగతి వదిలేద్దాం. స్తంభం మీది మరియమాత మాటేమిటి? 16వ శతాబ్దపు చెక్క విగ్రహం. తరతరాల జనం ఆమెను నల్లటి తల్లిగానే కొలిచారు. ఇప్పుడు వెళ్ళి చూడండి, తెల్లటి ముఖం, గులాబీ బుగ్గలు! మా ఊరి గుళ్ళో మూలవిరాట్టు మీద నూనె పేరుకుని నిగనిగలాడుతుంది. రేపెవరో వచ్చి "అసలు రంగు ఇది కాదు" అని గీకేస్తే ఊరుకుంటామా? పాత కట్టడాల మరమ్మతు గురించిన 1964 వెనిస్ ఒడంబడిక కూడా అన్ని కాలాల చేర్పులనూ గౌరవించమనే చెప్పింది.

సున్నపుబట్టీ:
మసి కూడా చేర్పేనా?

నల్లరాయి:
మసి కాదు, మొక్కు. ఆ పొగ పెట్టింది మొక్కుకున్నవాళ్ళే కదండీ. ఇంకో మాట. పొడుగు శిఖరం 16వ శతాబ్దం మొదట్లో కట్టింది. 1836లో కొయ్య పైకప్పు తగలబడితే పోత ఇనుముతో వేశారు. బలిపీఠం వెనక పాలరాతి శిల్పం 18వ శతాబ్దానిది. వాటి జోలికి వెళ్ళకుండా, గోడలు మాత్రం 13వ శతాబ్దంలో ఉండాలంటే ఎలా?

పారిస్‌పక్కన:
పాయింటే. కానీ నల్ల విగ్రహం కావాలంటే కింద నేలమాళిగలో ఇంకొకటుంది. అక్కడి పాతదాన్ని ఫ్రెంచి విప్లవకాలంలో, 1793లో, తగలబెట్టారు. ఇప్పుడున్నది దాని స్థానంలో పెట్టినది. నాకైతే బాధ గోడల గురించే. చుట్టూ తెల్లగా ఉంటే అద్దం వెలవెలబోతుంది, సినిమా హాల్లో తలుపు తీసినట్టు. అన్నట్టు గోదారిగట్టు గారూ, నేలమీద రాళ్ళతో పరిచిన గుండ్రటి చిక్కుదారి (లాబిరింత్) చూశారా? అడ్డంగా పదమూడు మీటర్ల దాకా ఉంటుంది.

గోదారిగట్టు:
ఎక్కడండీ, మేం వెళ్ళింది మంగళవారం. దానిమీద కుర్చీలు వరసగా వేసేశారు. కుర్చీ కాళ్ళ మధ్య వంపు ఒకటి కనపడితే దానికే ఫొటో తీసుకున్నాం. ఈస్టర్ ముందు ఉపవాసాల నుంచి నవంబర్ 1 దాకా శుక్రవారాల్లో మాత్రం కుర్చీలు తీస్తారట. వెళ్ళేవాళ్ళు చూసుకుని వెళ్ళండి.

సున్నపుబట్టీ:
ఇంతకీ అద్దాలు ఎలా ఉన్నాయో చెప్పలేదు మీరు.

గోదారిగట్టు:
అది మాత్రం ఒప్పుకోవాలి. బైబిల్లో దారిపక్కన గాయపడ్డవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి కథ ఉన్న కిటికీ చెప్పులు కుట్టేవాళ్ళ కానుక. కింది గడుల్లో వాళ్ళ బొమ్మలే ఉన్నాయి. పనిమీదకి వంగి కూర్చున్న మనిషిని మా ఆవిడ నాకు వేలుపెట్టి చూపించింది. 2006లో నా కంటికి ఆనలేదు. ఆవిడ అరగంటసేపు అక్కణ్ణించి కదల్లేదు.

సున్నపుబట్టీ:
చూశారా మరి!

నల్లరాయి:
అద్దం కడిగినందుకు కనపడ్డాడండీ ఆయన, గోడకి రంగేసినందుకు కాదు.