శకుల బంగారు జింకల కాళ్లు ఎందుకు ముడుచుకుని ఉంటాయి?

ప్రశ్న

శకులు అనే ప్రాచీన మధ్య ఆసియా సంచార జనుల, తూర్పు కజకిస్తాన్‌లోని చిలిక్తి సమాధి దిబ్బలో 1960లో బయటపడిన బంగారు జింక బిళ్లల ఫొటోలను కొన్ని రోజులుగా చూస్తున్నాను. కాళ్లు పొట్ట కిందికి ముడుచుకుని, మెడ ముందుకు సాగి, కొమ్ములు వీపు పొడవునా వెనక్కి పరచుకుని ఉన్నాయి. అది పరుగెత్తే జింకా, పడుకున్న జింకా, బలికి కాళ్లు కట్టిన జింకా? అల్మాటీ దగ్గరి ఇస్సిక్ దిబ్బలో 1969లో దొరికిన కత్తి ఒరపై గుర్రం నడుము మెలి తిరిగి, వెనుక కాళ్లు పైకి లేచి ఉన్నాయి. దానికీ దీనికీ కారణం ఒకటేనా?

మొదటి సమాధానం

ముందు వస్తువు ఆకారాన్ని చూడమని కోరుతున్నాను. ఒర, పట్టీ, గుర్రపు కళ్లెం వంటి ఇరుకైన చోట్ల జంతువు మొత్తం పట్టాలంటే కాళ్లు మడవాలి, కొమ్ములు వంచాలి. రష్యాలోని దక్షిణ సైబీరియా ప్రాంతమైన తువాలోని ఆర్జాన్ దిబ్బలో దొరికిన, సుమారు 25 సెంటీమీటర్ల కంచు బిళ్లపై చిరుతపులి తోకను నోటి దగ్గరికి తెచ్చుకుని గుండ్రంగా చుట్టుకుంది. వలయంలో ఖాళీ మిగలలేదు. సంచార జీవులు సంపదను ఒంటిమీదా గుర్రంమీదా మోసేవారు కనుక ఈ పొదుపు వారి పనితనంలో సహజంగానే కలిసిపోయింది.

రెండవ సమాధానం

పై వివరణ బాగుంది కానీ అది సగమే. రష్యాలోని ఆల్టాయ్ కొండల్లో ఉన్న పజిరిక్ సమాధుల రెండవ దిబ్బలో, మంచు కాపాడిన పురుషుడి చర్మంపై పచ్చబొట్లలోనూ జంతువుల వెనుక భాగాలు అలాగే మెలి తిరిగి ఉన్నాయి. భుజం మీద చోటుకు కరువు లేదు, గీసినవారిని ఇరుకైన చట్రమేదీ కట్టడి చేయలేదు. అయినా అదే మెలికను ఎంచుకున్నారంటే దానికి వారి దృష్టిలో అర్థం ఉండి తీరాలి. అది చావును సూచిస్తుందని కొందరు పండితులు అంటారు. నాకు అంతకన్నా బలంగా తోచేది రూపం మారడం. పజిరిక్ మొదటి దిబ్బలో పూడ్చిన ఒక గుర్రం తలకు తోలుతో చేసిన జింక కొమ్ముల ముసుగు తొడిగారు. తూర్పు కజకిస్తాన్‌లోని బెరెల్ దిబ్బలో 13 గుర్రాలు దొరకగా, కొన్నింటికి బంగారు రేకు తొడిగిన కొయ్య కొమ్ములు, కొండమేక కొమ్ముల్లా వంగినవి, కనిపించాయి. మరణించిన యజమానితో వెళ్లే గుర్రాన్ని వారు నిజంగానే మరో జంతువుగా మార్చి పంపారు.

ప్రశ్న అడిగినవారు

పచ్చబొట్ల సంగతి నా ఆలోచనను మార్చింది. అయితే ఆర్జాన్‌లోని రెండవ దిబ్బ (ఆర్జాన్-2)లో దొరికిన తలసూది మీది బంగారు జింక గిట్టల కొనలపై నిటారుగా నిలబడి ఉంది. దాన్ని చూశాక చిలిక్తి జింకను బలి జింక అనుకోవడం నాకు కష్టంగా ఉంది.