ఫ్లోరోసిస్ బాధితుల కోసం పనిచేసే మా చిన్న సంస్థ గురించి నలుగురికీ తెలియాలంటే ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. ఫ్లోరోసిస్‌తో (తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు దెబ్బతినే జబ్బు) నడవలేకపోతున్న పెద్దవాళ్ల కోసం ఊరివాళ్లం కొందరం కలిసి ఒక సొసైటీ నడుపుతున్నాం. వీల్‌చైర్లు ఇప్పించడం, దవాఖానకు తీసుకెళ్లడం, పింఛనుకు కావాల్సిన వైకల్య సర్టిఫికెట్ పనులు చూడటం, ఇవీ మేం చేసేవి.

ప్రభుత్వ మంచినీటి పథకం మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక దాతలు "ఇంకా ఫ్లోరైడ్ ఎక్కడుంది?" అని అడుగుతున్నారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగి వంగిపోయిన ఎముకలు, ఇప్పుడు మంచినీళ్లు తాగినంత మాత్రాన నిటారుగా కావు కదా! ఈ మాట బయటివాళ్లకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? వంకరపోయిన కాళ్ల ఫొటోలు పెడితే విరాళాలు వస్తాయని కొందరన్నారు. జీవితాంతం కష్టపడి బతికిన అవ్వలను, తాతలను అలా చూపించడం నాకు అస్సలు ఇష్టం లేదు. అలాంటి ఫొటోలు లేకుండానే జనాన్ని కదిలించిన వాళ్లు ఎవరైనా ఉంటే, ఏం చేశారో దయచేసి వివరంగా చెప్పండి.

ఆదాయపు పన్ను మినహాయింపుల కోసం 12ఏ, 80జీ, కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధుల కోసం సీఎస్ఆర్-1 నమోదు అన్నీ ఉన్నాయి. మూడేళ్లకు పైగా చేసిన పనికి లెక్కలూ ఉన్నాయి. అయినా హైదరాబాద్ కంపెనీలకు పంపిన మెయిళ్లకు జవాబు రావట్లేదు. అక్కడ ముందు ఎవరిని కలవాలి? మునుగోడు, దేవరకొండ వైపు ఇదే పని చేసే సంస్థలతో కలిసి ఒకే ప్రతిపాదన పంపితే నయమా? ఉన్న కొద్దిమందిలో ఒకరిని పూర్తిగా యూట్యూబ్ పనికే పెట్టవచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.