ఏసీ కాయిల్‌పై మంచు పేరుకుంటోంది: ఏటా గ్యాస్ నింపించవలసిందేనా?

ప్రశ్న (కళింగపట్నం నుంచి):
మా ఇల్లు సముద్రపు ఒడ్డుకు దగ్గరగా ఉంది. పడకగదిలోని ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ మొదట కాసేపు బాగానే చల్లబరుస్తుంది గానీ, తర్వాత గాలి తగ్గిపోయి, లోపలి కాయిల్‌పై మంచు పేరుకుని, ఆపగానే గోడ వెంబడి నీళ్లు కారుతున్నాయి. మెకానిక్ ప్రతి వేసవిలోనూ గ్యాస్ అయిపోయిందని చెప్పి నింపి వెళుతున్నారు. ఇంట్లో పెద్దవయసు అమ్మగారు ఉన్నారు. ఈ ఉక్కపోతలో ఆవిడకు ఏసీ లేకపోతే చాలా కష్టం. గ్యాస్ నిజంగా ఏటా అయిపోతుందా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (విజయనగరం, ఏసీ మెకానిక్):
అయిపోదండీ. అది బండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది కనుక, తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వెతకకుండా గ్యాస్ నింపడం మీ డబ్బు గాలిలో వదిలేయడమే.

అయితే మంచు కనబడగానే గ్యాస్‌నే అనుమానించకూడదు. ఫిల్టర్‌లో దుమ్ము నిండినా, బ్లోయర్ (లోపలి యూనిట్‌లో గాలి ఊదే ఫ్యాన్) నెమ్మదించినా, గదిలోని వెచ్చటి గాలి కాయిల్‌కు చాలినంత తగలక, దాని ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కిందికి పోయి, గాలిలోని తేమ మంచుగా గడ్డకడుతుంది. ముందు ఏసీని ఫ్యాన్ మోడ్‌లో నడిపి మంచంతా కరగనివ్వండి. స్క్రూడ్రైవరుతో గీకవద్దు, కాయిల్‌కు చిల్లు పడుతుంది. ఫిల్టర్లు కడిగి, ఆరబెట్టి బిగించాక మళ్లీ కూలింగ్ పెట్టి చూడండి. మంచు కాయిల్ అంతటా పరుచుకుంటే గాలి చాలడం లేదనీ, ఒక పక్కనే పడితే గ్యాస్ తక్కువగా ఉందనీ చాలావరకు అనుకోవచ్చు. మంచు లేని రోజున కూడా నీళ్లు కారితే డ్రెయిన్ పైపు పూడుకుపోయిందేమో చూపించండి.

సమాధానం (శ్రీకాకుళం నుంచి):
ఒడ్డున ఉన్న ఇళ్లలో అవుట్‌డోర్ యూనిట్‌ను ముందుగా చూడాలి. ఉప్పుగాలికి దాని కాయిల్‌పై ఉండే పలుచటి అల్యూమినియం రెక్కలు తెల్లగా పొడి రాలుతాయి, రాగి గొట్టాలు కూడా క్రమంగా తినేయబడతాయి. మెయిన్ స్విచ్ ఆపి, అప్పుడప్పుడు మంచినీటితో మెల్లగా కడగడం మంచిది. ప్రెషర్ పంపుతో కొడితే రెక్కలు వంగిపోతాయి.

ప్రశ్న అడిగినవారు:
చెప్పినట్టే చేశాను. మంచు ఒక పక్కనే పడుతోంది. బయటి యూనిట్ దగ్గర సన్నపైపు నట్టు చుట్టూ జిడ్డుగా నూనె మరక కూడా ఉంది.

విజయనగరం మెకానిక్:
గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా బయటికి వస్తుంది కనుక, లీకు అక్కడే ఉండే అవకాశం ఎక్కువ. సబ్బునీరు రాస్తే బుడగలు వస్తాయి. మిగిలిన గ్యాస్‌ను పద్ధతి ప్రకారం తీసి, ఆ నట్టు దగ్గరి ఫ్లేర్ (పైపు చివర వెడల్పు చేసిన అంచు) కొత్తగా చేయించి, నైట్రోజన్‌తో ప్రెషర్ పరీక్ష జరిపించండి. ఆక్సిజన్ మాత్రం వాడనివ్వకండి, నూనెతో కలిస్తే పేలుతుంది. తర్వాత వాక్యూమ్ పంపుతో గాలి, తేమ లాగించి, నేమ్‌ప్లేట్‌పై రాసిన బరువు ప్రకారం తూకం వేసి గ్యాస్ నింపమనండి. ప్లేటుపై ఆర్32 అని ఉంటే అది మండగల గ్యాస్ కాబట్టి పని జరిగేటప్పుడు దగ్గరలో మంట ఉండకూడదు.