మేరీ రాణి కాలంలో మాథ్యూ పార్కర్ దాక్కోవడం పిరికితనమేనా?

గోదారిగట్టు:
ఇంగ్లండు మత సంస్కరణ, అంటే పదహారో శతాబ్దంలో ఆ దేశం పోప్ అధికారం నుంచి విడిపోయిన కథ, చదివినప్పుడల్లా నాకు ఒక్క మనిషి విషయంలో మనసు ఒప్పుకోదు. మాథ్యూ పార్కర్. 1535లో ఆన్ బొలీన్ రాణికి చాప్లెయిన్, అంటే ఆస్థానంలో ప్రార్థనలు జరిపి ప్రసంగాలు చేసే పాదిరి. ఆమె తల తీయించిన రాజు ఎనిమిదో హెన్రీకే 1537లో చాప్లెయిన్ అయ్యాడు. 1553లో కాథలిక్కు అయిన మేరీ గద్దెనెక్కింది. ఆమె పాలనలో దాదాపు 280 మంది ప్రొటెస్టెంట్లను సజీవంగా కాల్చారు. లాటిమర్, రిడ్లీ కూడా ఒకప్పుడు హెన్రీకి చాప్లెయిన్లే. 1555 అక్టోబరు 16న ఆక్స్‌ఫర్డులో ఇద్దరూ మంటల్లో పోయారు. పార్కర్ మాత్రం తలదాచుకుని, మేరీ చనిపోయి ఆన్ బొలీన్ కూతురు ఎలిజబెత్ రాణి అయ్యాక, 1559లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్, అంటే ఇంగ్లండు చర్చిలో అందరికన్నా పెద్ద పాదిరి అయ్యాడు. నమ్మినదాని కోసం నిలబడని మనిషికి అంత పెద్ద పీట ఎలా దక్కిందండీ?

పాతపుస్తకం:
నిలబడలేదని ఎలా అంటారు? ఆయనకు 1547లో మార్గరెట్‌తో పెళ్లయింది. మేరీ రాగానే పెళ్లయిన పాదిరులను పదవుల నుంచి తీసేశారు. భార్యను వదిలేసి తప్పయిందంటే మరో చోట కొలువు ఇచ్చేవారు, చాలామంది అలాగే చేశారు కూడా. పార్కర్ చెయ్యలేదు. కేంబ్రిడ్జిలో కార్పస్ క్రిస్టీ కాలేజీ మాస్టర్ పదవి పోయింది, లింకన్ పెద్ద చర్చిని నడిపే డీన్ పదవి పోయింది. రాత్రిపూట పారిపోతూ గుర్రం మీద నుంచి పడితే తగిలిన దెబ్బ ఆయన్ని చివరిదాకా బాధపెట్టింది.

పోల్చాలంటే నికొలస్ షాక్స్టన్‌తో పోల్చండి. ఆయనా ఆన్ బొలీన్ మనిషే, ఆమె దానధర్మాలు చూసిన పాదిరి. 1535లో సాల్స్‌బరీ బిషప్ అయ్యాడు. 1539లో హెన్రీ పాత కాథలిక్కు నమ్మకాలను నిలబెట్టే కొత్త మత చట్టం తెస్తే, లాటిమర్‌తో పాటు పదవి వదులుకున్నాడు. అక్కడిదాకా వీరుడే. 1546లో మరణశిక్ష పడగానే తన నమ్మకాలన్నీ తప్పని ఒప్పుకున్నాడు. అంతటితో ఆగలేదు. అదే ఏడాది ఆన్ ఆస్క్యూ అనే ప్రొటెస్టెంట్ ఆమెను స్మిత్‌ఫీల్డులో కాలుస్తుంటే, అక్కడ నిలబడి ప్రసంగం చేసింది షాక్స్టనే. మేరీ కాలంలో తన పాత విశ్వాసంలో ఉన్నవాళ్ల మీద విచారణల్లో కూర్చున్నాడు. పిరికితనం అంటే నా దృష్టిలో అది. పార్కర్ ఒక్క మాట వెనక్కి తీసుకోలేదు, ఒక్కరినీ పట్టివ్వలేదు.

ఓరుగల్లు:
ఆయనకు ధైర్యం లేదని నేనూ అనను. 1549లో నార్విచ్ దగ్గర కెట్ నాయకత్వంలో రైతులు తిరగబడ్డారు, ఊరుమ్మడి భూములకు భూస్వాములు కంచెలు వేశారని. పార్కర్ ఆ ఊరివాడే. మౌస్‌హోల్డ్ గుట్ట మీద వేలమంది ఉన్న శిబిరంలోకి వెళ్లి, ఓక్ చెట్టు కింద ప్రసంగించాడు. జనం కోపంతో మీదికి రాబోతే, తోటి పాదిరి స్తుతిగీతం ఎత్తుకోవడంతో బయటపడ్డాడు. కానీ ఏం చెప్పాడక్కడ? శాంతంగా ఉండండి, రాజు మాట వినండి అని. భూమి పోయినవాళ్లకు చెప్పాల్సిన మాట అదేనా? నా అభ్యంతరం ఆయన దాక్కోవడం మీద కాదు, ఎప్పుడూ కొలువు పక్షానే నిలబడటం మీద.

బెంజిసర్కిల్:
మాది సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) కుటుంబం, అందుకే ఈ చర్చ నాకు దూరపు సంగతిలా అనిపించదు. 1912లో దోర్నకల్ మొదటి బిషప్ అయిన అజరయ్య గారి అభిషేకం జరిగింది ఆంగ్లికన్, అంటే ఇంగ్లండు చర్చి సంప్రదాయపు బిషప్పుల చేతుల మీదుగానే. ఆ వరుసలో వెనక్కి వెళితే 1559 డిసెంబరు 17న లాంబెత్‌లో జరిగిన పార్కర్ అభిషేకం తగులుతుంది.

పదవి కోసం కాచుకుని కూర్చున్నాడన్నట్టు రాశారు, అది సరికాదు. ఆరోగ్యం బాగాలేదు, కేంబ్రిడ్జిలోనే ఉండనివ్వండి అని ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. ఆన్ బొలీన్ అరెస్టుకు కొద్ది రోజుల ముందు తన రెండున్నరేళ్ల కూతురు ఎలిజబెత్ బాగోగులు చూడమని ఆయనకు అప్పగించింది. ఆ తల్లికి అంతగా రుణపడి ఉండకపోతే కూతురి కొలువుకు అంత త్వరగా ఒప్పుకునేవాణ్ణి కాదని ఆయనే తర్వాత రాశాడు.

గోదారిగట్టు:
షాక్స్టన్‌తో పోలిస్తే పార్కర్ మెరుగే, ఒప్పుకుంటాను. మరి 1566 సంగతి? పూజలో తెల్లని అంగీ వేసుకోం, అది పాత కాథలిక్కు ఆచారం అన్నందుకు లండన్‌లో 37 మంది పాదిరులను సస్పెండ్ చేశారు. మనస్సాక్షి కోసం పదవి పోగొట్టుకున్న మనిషే అదే కారణంతో ఇంకొకరి జీతం ఆపించాడు. దీనికేమంటారు?

పాతపుస్తకం:
ఆ ఒత్తిడి ఎలిజబెత్‌ది. పాదిరులందరినీ ఒక దారికి తెమ్మని 1565లో గట్టిగా ఉత్తరం రాసింది. తీరా పార్కర్ నియమాలు రాసిస్తే వాటికి తన ఆమోదం ఇవ్వలేదు. తిట్లన్నీ ఆయన మీద పడ్డాయి.

ఓరుగల్లు:
ఒత్తిడి రాణిదే కావచ్చు, సంతకం పార్కర్‌ది. ఆ 37 మందికీ భార్యాబిడ్డలు ఉండే ఉంటారు కదా. మేరీ కాలంలో మార్గరెట్ పడ్డ కష్టం ఆయన కళ్లారా చూశాడు. రాణికి ఇంకొక్క ఉత్తరం రాసి, ఈ పని నావల్ల కాదని చెప్పి ఉండాల్సింది. ఆర్చిబిషప్ పదవి వద్దని బతిమాలిన మనిషికి అది పోతుందన్న భయం ఎందుకు?